రంగుల బొమ్మ సరే, అంచుల లెక్కేది?

పాలీహౌస్ వేస్తామంటూ వచ్చే కంపెనీల వాళ్లు కొందరు కంప్యూటర్ బొమ్మ చూపిస్తారు. వేడి ఉన్నచోట ఎరుపు, చల్లగా ఉన్నచోట నీలం. మొక్కల దగ్గరంతా నీలమే! పాతిక సెంట్లలో వేసినా లక్షల మీద వ్యవహారం. సబ్సిడీ పోను మిగతాది మీ నెత్తిన అప్పు. అందుకే ఆ బొమ్మ ఎలా పుట్టిందో ముందు తెలుసుకోవాలి.

మడి మధ్యలో నీరు ఎంత నిలుస్తుందో చెప్పమంటే మీరేం అడుగుతారు? మడవ దగ్గర ఎంత నీరొస్తోంది, గట్టు ఎక్కడైనా కారుతోందా, అవతల మురుగు పోయే దారి ఉందా అనే కదా. కంప్యూటరూ అంతే. షెడ్డు లోపలి గాలి, వేడి లెక్కగట్టాలంటే అంచుల దగ్గర సంగతి ముందు మనిషే చెప్పాలి. ఇంజనీర్లు వీటినే బౌండరీ కండిషన్లు అంటారు. షెడ్డు అదే, షీటు అదే. ఈ అంకెలు మారిస్తే మాత్రం నీలం కాస్తా ఎరుపైపోతుంది.

పేచీ అంతా ఇక్కడే. బెంగళూరులో ఏప్రిల్ పగటి వేడి సగటున 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన రెంటచింతలలో మే నెలలో 45 దాటిన రోజులున్నాయి. అక్కడి అంకెలతో తీసిన బొమ్మ ఇక్కడ దేనికి పనికొస్తుంది? పక్క తెరలు ఎత్తితే లోపలికొచ్చేది బయటి గాలే. బయట 44 ఉంటే ఒట్టి గాలితో లోపల 35కు దిగదు. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెడితే దిగుతుంది గానీ గాలి పొడిగా ఉండాలి. బాపట్ల వైపు సముద్రపు ఉక్కలో వాటి పని అంతంతే.

గంటకు 7 కిలోమీటర్ల గాలి వీస్తోందని రాసుకుంటే అంతా హాయిగానే కనబడుతుంది. మరి ఆకు కదలని మధ్యాహ్నం మాటేమిటి? గాలి వచ్చే వైపు మామిడి తోట అడ్డముంటే? తెల్లదోమ రాకుండా కట్టే సన్నకన్ను వల గాలిని బాగా ఆపుతుంది, దుమ్ము పట్టాక మరీను. ఆ వల లెక్కలో ఉందా?

పైరు సంగతీ అడగాలి. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు ఇంచుమించు 1,000 వాట్లు, అంటే మీటరుకో కరెంటు పొయ్యి. షీటు కొంత ఆపినా మిగతాది లోపలికి దిగేదే. ఎదిగిన పైరు ఆకుల నుంచి నీరు ఆవిరై కొంత చల్లబరుస్తుంది. నారు నాటిన కొత్తలో ఆ సాయం ఉండదు. నిండు పైరుకు తీసిన బొమ్మ నారుకు చెల్లదు.

కంప్యూటర్‌ను తప్పుపట్టడం లేదు, అది ఇచ్చిన అంకెలకే లెక్క చెబుతుంది. ఏ ఊరు, ఏ నెల, ఎంత గాలి, వల ఉందా, పైరు ఎంత ఎత్తు అనే కాగితం సంతకంతో సబ్సిడీ ఫైలుకు జతచేయాలని ఉద్యానశాఖ పట్టుబట్టాలి. ఇదేమంత పెద్ద పని కాదు.

అడ్వాన్సు ఇచ్చేముందు మీరూ ఆ కాగితం అడగండి. మే నెల, గాలి లేని మధ్యాహ్నం, వల కట్టి, చిన్న మొక్కలతో ఇంకోసారి బొమ్మ తీయమనండి. కుదరదంటే అడ్వాన్సు ఇవ్వకండి.