పొగ అలారం ఎవరి బాధ్యత?

2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక నివాస భవనంలో, కింది భాగాన నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం తొమ్మిది మంది మరణించారు. పొగ అలారం ఉండి ఉంటే వారంతా బతికేవారని మేము అనము. మా ప్రశ్న వేరు. తాము నిద్రించే గది కింద ఏమి నిల్వ ఉన్నదో అడిగే ధైర్యం మన కిరాయిదారులకు ఉన్నదా?

పేరు చెప్పగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అన్న జవాబు విన్న కుటుంబాలు మనలో ఎన్నో. పది గడపలు తిరిగితే దొరికిన ఇంట్లో వైరు కాలిన వాసన వచ్చినా, మేడ తలుపుకు తాళం వేసి ఉన్నా వారు నోరు మెదపరు. ఖాళీ చేయమంటారేమోనన్న భయం వారిది.

చట్టమూ వారి పక్షాన లేదు. 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం నివాస భవనం ఎత్తు 18 మీటర్లు మించితేనే నిరభ్యంతర పత్రం కావాలి. పాతబస్తీ గల్లీలలోని మూడంతస్తుల ఇళ్లు ఆ లెక్కలోకి రావు. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం వైరింగు మరమ్మతును యజమానికి అప్పగించింది గాని, దాని మరమ్మతుల పట్టికలో పొగ అలారం ప్రస్తావన లేదు.

ఇంగ్లండులో 2015 నుండి ప్రైవేటు కిరాయి ఇళ్లలో నివాసమున్న ప్రతి అంతస్తుకు ఒక అలారం అమర్చడం, కిరాయి మొదలైన రోజున అది పనిచేస్తున్నదో లేదో చూడడం యజమాని విధి. చెడిపోయిందని తెలియజేస్తే బాగుచేయించడం కూడా 2022 అక్టోబరు నుండి అతని విధే అయింది. అప్పుడప్పుడు మీట నొక్కి చూడడం, బ్యాటరీ మార్చడం కిరాయిదారు పని. అయితే ఆ దేశంలోనే, 2017 రంజాన్ మాసంలో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది మరణించారు. ప్రమాదం పొంచి ఉన్నదని అక్కడి నివాసులు ముందే మొరపెట్టుకున్నా వినిపించుకున్నవారు లేరు. కనుక పరికరంతో పాటు ఫిర్యాదుకూ రక్షణ కావాలి. భద్రత గురించి అడిగినందుకు ఖాళీ చేయించడాన్ని రెండు తెలుగు రాష్ట్రాలూ నిషేధించాలి. అలారం నిబంధనను ఎత్తుతో నిమిత్తం లేకుండా కిరాయి ఇళ్లన్నింటికీ వర్తింపజేయాలి.

ప్రభుత్వం కదిలే వరకు ఆగనక్కరలేని వారూ ఉన్నారు. మనలోనూ ఇంటి యజమానులున్నారు. వక్ఫ్ ఇళ్లను కిరాయికిచ్చే ముతవల్లీలున్నారు. వారు ముందుగా అమర్చి చూపాలి. వంటింట్లో కాదు, పడక గదుల బయట పైకప్పుకు. కిరాయిదారులకూ ఒక మాట: లోబాన్ పొగకు మోగుతున్నదని బ్యాటరీ తీసి పక్కన పెట్టకండి. ఇక కిరాయి ఒప్పందం రాసేటప్పుడు అలారం ఎవరు అమర్చాలో, చెడితే ఎన్ని రోజులలో బాగుచేయించాలో, కింది అంతస్తులో ఏమేమి నిల్వ ఉంచరాదో అందులోనే రాయించండి.