ఆ పాత సీడీలు పారేయొద్దు

నాన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆయన రాసిన ఊరి చరిత్రను పుస్తకంగా వేయించి బంధువులకు పంచాలని అమ్మ కోరిక. రేపల్లె దగ్గర మా ఊళ్లో ఆయన ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారు. రిటైరయ్యాక, తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపే మా బాబాయి పక్కన కూర్చుని అన్నీ టైపు చేయించారు. చెరువు ఎవరు తవ్వించారు, బడికి స్థలం ఎవరిచ్చారు, ఏ ఇంటివాళ్లు ఎక్కణ్నుంచి వలస వచ్చారు... వంశవృక్షాలతో సహా. అచ్చుకు మాత్రం వెళ్లలేదు. కాగితం ప్రతి వానకు తడిసి పాడైంది. మిగిలింది ఒక సీడీ. దాన్ని సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన సర్దుకుని డల్లాస్ తెచ్చుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వుతారు. దశాబ్దాల నాటి ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్ల మీదికి మార్చడం. ఒక్క రికార్డు తప్పిపోకుండా నెలల తరబడి పరీక్షలు చేస్తాం. అలాంటి నేను, నాన్న రాసిన రెండు వందల పేజీలు తెరవలేక రెండు వారాలు కూర్చున్నాను.

ఆ ఫైళ్లు పేజ్‌మేకర్‌వి. పెళ్లి శుభలేఖ నుంచి కరపత్రం దాకా ఒకప్పుడు మన డీటీపీ సెంటర్లకు అదే అన్నం పెట్టింది. 2001లో వచ్చిన 7.0తో దాని కథ ముగిసింది. తర్వాత దాని స్థానంలోకి వచ్చిన ఇండిజైన్ సీఎస్6 దాకా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది. ఆ పైన వచ్చినవి తెరవవు. లిబ్రేఆఫీస్ తెరుస్తుంది, 4.4 వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది. దానితో నాకు అక్షరాలైతే వచ్చాయి గానీ వంశవృక్షాలు చెల్లాచెదురయ్యాయి. తాత ఎవరో మనవడెవరో తెలియకుండా పోయింది.

అప్పుడు అటక మీది పాత ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది, విండోస్ 11కి ఆ మెషీన్ పనికిరాదు. రీసైక్లింగ్‌కి ఇవ్వడానికి పక్కన పెట్టినదే. దాని మీద లైనక్స్ మింట్ వేసి, వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. 1993లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. విండోస్ ప్రోగ్రాము ‘ఈ ఫైలు తెరువు, ఈ గీత గీయి’ అని అడిగితే, ఆ మాటను అప్పటికప్పుడు లైనక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. దుబాసీ అనుకోండి. లోపల విండోస్ ఉండనక్కర్లేదు. ఇంకో విచిత్రం, నేటి 64 బిట్ విండోస్ మీద నడవని 16 బిట్ నాటి ప్రోగ్రాములు కొన్ని దీని మీద నడుస్తాయి.

బాబాయి దగ్గర పేజ్‌మేకర్ అసలు సీడీ అట్టపెట్టెతో సహా ఉంది. ఇన్‌స్టాల్ చేస్తుంటే రెండుసార్లు మధ్యలో ఆగింది. 32 బిట్ ప్రోగ్రాముల కోసం వైన్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టాక దారిలో పడింది. అమ్మకు ఫోన్ చేసి, ‘వైన్‌లో వేస్తే నాన్న ఫైలు తెరుచుకుందమ్మా’ అన్నాను. ‘జన్మలో చుక్క ముట్టని మనిషి ఫైలుకి వైన్ ఏమిట్రా’ అంది.

తెరుచుకుంది గానీ, పేజీ నిండా అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. అప్పట్లో అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. బాబాయి తన కంప్యూటర్‌లోని ఫాంట్లు పంపించాక నాన్న వాక్యాలు కనిపించాయి. యూనికోడ్‌లో ఈ తంటా లేదు, తెలుగుకు విడిగా 128 స్థానాలు కేటాయించారు. కన్వర్టర్‌తో మొత్తం యూనికోడ్‌లోకి మార్చాను. కొన్ని ఒత్తులు పక్క అక్షరానికి అంటుకున్నాయి. అందుకే ప్రతి పేజీనీ అమ్మకు ఫోన్లో చదివి వినిపిస్తూ సరిచేస్తున్నాను.

‘ఇంత తిప్పలెందుకు, డబ్బులిచ్చి మళ్లీ టైప్ చేయించొచ్చు కదా’ అన్నాడొక మిత్రుడు. దేన్ని చూసి టైప్ చేయించాలి? కాగితమే లేదు. పాత విండోస్ కంప్యూటర్‌నే దాచుకోవచ్చన్నాడు ఇంకొకరు. అదెన్నాళ్లు నడుస్తుంది? వైన్‌లో నేను తయారుచేసుకున్న ఫోల్డర్‌ని మాత్రం మొత్తంగా కాపీ చేసి పెట్టుకున్నాను, ఈ ల్యాప్‌టాప్ పోతే ఇంకో దాని మీద పెట్టుకోవచ్చు. అలాగని అన్నీ వైన్‌లో నడుస్తాయని నమ్మబలకను. కంప్యూటర్ వెనక ప్రత్యేకమైన తాళం తగిలిస్తే తప్ప కదలని ప్రోగ్రాములు బాగా మొరాయిస్తాయి. డాస్ కాలం వాటికి డాస్‌బాక్స్ మేలు. నా ఉద్దేశం పేజ్‌మేకర్‌ను కలకాలం బతికించడమూ కాదు. లోపలున్న మాటను బయటికి తెచ్చి, ఎవరైనా చదవగలిగే రూపంలో పెట్టడానికి ఇది తలుపు, అంతే. ఒక కంపెనీ దయ మీద ఆధారపడని తలుపు.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు బీరువాలో, ట్రంకు పెట్టెలో సీడీలు, ఫ్లాపీలు ఉన్నాయేమో అడగండి. ముందు కాపీ తీయండి, సీడీలు కూడా పాడవుతాయి. ఫైళ్లతోపాటు ఫాంట్లు కూడా తప్పకుండా తెచ్చుకోండి. ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు నాదో మాట. మన ప్రతి ఊరి సంఘంలోనూ సాఫ్ట్‌వేర్ వాళ్లకు కరవు లేదు. సినిమా పాటల నైట్ ఒకటి తగ్గించి, ఏ లైబ్రరీ గదిలోనో ఓ శనివారం కూర్చుంటే, పెద్దవాళ్లు తెచ్చిన సీడీలను తెరిచి చూడొచ్చు. సంఘాల పాత సావనీర్ల ఫైళ్లు కూడా ఎవరి గ్యారేజీలో ఏ అట్టపెట్టెలో ఉన్నాయో.

మేం ఇప్పుడు అరవై ఒకటో పేజీలో ఉన్నాం. 1977 నవంబర్ తుఫాను అధ్యాయం. మొన్న చదువుతుంటే అమ్మ ఆపేసింది. ‘మీ నాన్న తప్పు రాశారురా. ఆ రాత్రి మేం తలదాచుకున్నది కరణంగారి మేడలో కాదు, బడిలో. కింద నా పేరు పెట్టి రాయి’ అంది. నాన్న వాక్యం అలాగే ఉంచి, అడుగున అమ్మ మాట చేర్చాను. ఇంకో పేజీలో కూడా ఏదో తేల్చాలట, శనివారం ఫోన్ చేయమంది.