పాత ట్రాక్టరు – కొత్త క్లచ్

పుదుచ్చేరి పట్టణానికి వచ్చే యాత్రికులు సముద్రతీరాన్ని, ఫ్రెంచి పాలన నాటి తిన్నని వీధులను చూచి తిరిగి వెళ్లిపోతారు. పట్టణపు అంచులు దాటితే వరిపొలాలు మొదలవుతాయని చాలామందికి తెలియదు. దక్షిణాన బాహూరు, పడమట విల్లియనూరు; చోళరాజుల కాలం నుండి నీరిస్తూ వచ్చిన బాహూరు చెరువు, దానికంటె పెద్దదైన ఊసుడు చెరువు – ఈ చిన్న ప్రాంతానికి అన్నం పెట్టేవి ఇవే. సొర్ణవారి, సంబా, నవరై అనే మూడు కార్లలో అక్కడ వరి సాగవుతుంది. నేల దమ్ము చేయటానికి ఎడ్ల జతలకు బదులు ట్రాక్టర్లు వచ్చి చాలాకాలమైనది. వాటిలో పాతవి కూడ కొన్ని ఇంకా మళ్లలో తిరుగుతూనే ఉన్నాయి.

యంత్రాల లోకానికి ఫ్రెంచి భాష ఇచ్చిన మాటలు ఒకటి రెండు కాదు. గ్యారేజి, చాసీ, షోఫరు – ఈ మూడూ ఆ భాషవే. షోఫరు అనగా మొదటి అర్థం బండి నడిపేవాడు కాదు. బాయిలరు క్రింద మంట వేసేవాడు. ఆ మాటలో దాగిన మంటకు, ఈ నెల మనం చెప్పుకోబోయే విషయానికి దగ్గర సంబంధం ఉన్నది. పాత ట్రాక్టరులో క్లచ్ పాడవటమంటే, చాల సందర్భాలలో, నడిపేవాడు తెలియక వేసిన మంటలో అది కాలిపోవటమే.

క్లచ్ ఎప్పుడు చెడిపోతుంది? పని లేని రోజులలో కాదు. చెరువు తూము ఎత్తి, మడికి నీరు పట్టి, నారు తీతకు వచ్చిన వారంలోనే చెడిపోతుంది. ఎందుకంటే ఆ వారమే దానిమీద భారం ఎక్కువ. ముదిరిన నారు సరిగా పిలకలు పెట్టదు. నీటి వంతు దాటిపోతే మళ్లీ ఎప్పుడు వచ్చేదీ తెలియదు. పళ్లెమంత ఉండే ఒక ఇనుప బిళ్ల అరిగిపోవటం వల్ల ఒక కారు పంటకే ముప్పు రావచ్చు. కనుక ట్రాక్టరు ఉన్నవారు, దానిని అద్దెకు పిలిచేవారు, బాగుచేసేవారు – ముగ్గురూ ఈ సంగతి తెలిసికొనవలెను.

రాపిడి చెప్పే న్యాయం

ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం ఒకప్పుడు ఆగవలెను, ఒకప్పుడు కదలవలెను. ఈ రెండింటి మధ్య ఉండి కలిపేది, విడదీసేది క్లచ్. ఇంజను వెనుక బిగించిన ఫ్లైవీల్‌కు, బలమైన స్ప్రింగులున్న ప్రెషర్ ప్లేటుకు నడుమ క్లచ్ ప్లేటు నొక్కుకొని ఉంటుంది. దాని రెండు ముఖాలకు గరుకైన లైనింగు రివెట్లతో బిగించి ఉంటుంది. పెడల్ త్రొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి, వ్రేళ్లవంటి లీవర్లను నొక్కి, స్ప్రింగుల పట్టును సడలిస్తుంది. కాలు తీస్తే పట్టు మళ్లీ బిగుస్తుంది. పంటి చక్రాల ప్రమేయం లేకుండా, కేవలం రాపిడి మీదనే ఇంత శక్తీ ఇంజను నుండి గేర్‌బాక్సుకు చేరుతుంది.

ఈ రాపిడికి నియమాలు కట్టినవారూ ఫ్రెంచివారే. అమోంతో 1699లో, ఆ తరువాత కులోం 1785లో ప్రకటించిన సూత్రం ఇది: రాపిడి బలం రెండు ఉపరితలాలను అదిమే బలాన్ని బట్టి, వాటి స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఈ చిన్న సూత్రంలో మెకానిక్కు కావలసిన సారమంతా ఉన్నది. అదిమే బలం తగ్గితే, అనగా స్ప్రింగులు బలహీనపడినా, పెడల్ పూర్తిగా విడవకపోయినా, క్లచ్ జారుతుంది. ఉపరితలపు స్వభావం మారితే, అనగా లైనింగు మీద నూనె పడినా, అది కాలి అద్దమువలె నునుపెక్కినా, అప్పుడూ జారుతుంది. మూడవ కారణం వెదకనవసరం లేదు.

జారుటలో పుట్టే వేడి ఎంతో లెక్క కట్టి చూడండి. 35 అశ్వశక్తి అనగా సుమారు 26 కిలోవాట్లు. ఇంజను పూర్తి బలంతో తిరుగుతూ, క్లచ్ సగమే పట్టి, గేర్‌బాక్సు షాఫ్టు సగం వేగంతో తిరుగుతున్నదనుకొందాము. మిగిలిన సగం శక్తి, 13 కిలోవాట్లు, ఆ మూసిన ఇనుప డొక్కలోనే వేడిగా మారుతుంది. కిలోవాటు చొప్పున 13 విద్యుత్ పొయ్యిలను ఒక డబ్బాలో పెట్టి మూత వేసినట్లు! క్షణకాలమైతే ఇనుము ఆ వేడిని ఓర్చుకొంటుంది. మడి చివర ప్రతి మలుపులోను సగం పెడల్ మీద నిలిచి, బురదలో దమ్ము చక్రాలను ఈడ్చితే లైనింగు ఎన్నాళ్లు మన్నుతుంది?

విప్పే ముందు

క్లచ్ రోగాలు రెండు రకాలు. ఒకటి జారుట: ఇంజను రొద పెరుగుతుంది, బండి వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. రెండవది వదలకపోవుట: పెడల్ చివరివరకు త్రొక్కినా గేరు పండ్లు కొరికిన చప్పుడుతో గాని పడదు. ఈ రెండింటిని ఒకటిగా భావించి నేరుగా బండిని విప్పటం తొందరపాటు. మొదట చూడవలసినది పెడల్‌కు ఉండవలసిన వదులు. పెడల్ కొంతదూరం తేలికగా దిగిన తరువాతనే భారం తగలవలెను. చాల నమూనాలలో అది ఇంచుమించు 25 మిల్లీమీటర్లు, ఖచ్చితమైన కొలత ఆయా ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది. వదులు లేకపోతే బేరింగు ఎల్లప్పుడు లీవర్లను తాకుతూ క్లచ్‌ను జారనిస్తుంది. వదులు మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. ఒక స్పానరుతో పది నిమిషాలలో సరిపోయే పనికి బండిని రెండు ముక్కలు చేసినవారు లేకపోలేదు.

సర్దినా జారుతూనే ఉంటే ఇక విప్పవలసినదే.

రెండు ముక్కలుగా

మన దేశంలో తయారైన ట్రాక్టరు మొదట 1959లో ఫరీదాబాదులో ఐషర్ సంస్థ నుండి వెలువడినది. మరుసటి ఏడు, 1960లో, మద్రాసులో టాఫె సంస్థ స్థాపితమై మసీ ఫెర్గూసన్ నమూనాలను దక్షిణాది పొలాలకు పరిచయం చేసినది. ఈ తరం ట్రాక్టర్లకు కారువలె వేరే చాసీ ఉండదు. ఇంజను, క్లచ్ డొక్క, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు – ఒకదానికొకటి బోల్టులతో బిగించుకొన్న ఈ భాగాలే దానికి వెన్నెముక. అందుచేత క్లచ్‌ను చేరాలంటే వెన్నెముకను మధ్యలో విడదీయక తప్పదు. సుమారు ఒకటిన్నర టన్నుల బరువు రెండుగా విడిపోతుంది. ప్రాణాపాయం ఉన్న ఘట్టం ఇదే.

నేల గట్టిగా, మట్టంగా ఉండవలెను. బ్యాటరీ తీగ ముందే విప్పవలెను. వెనుక చక్రాలకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను. ముందు ఇరుసు నడుమ ఒక్క పిన్నుమీద ఊగేటట్లు అమర్చి ఉంటుంది. బండి ఒకటిగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు గాని, విడదీయగానే ఇంజను భాగం ప్రక్కకు ఒరిగిపోతుంది. కనుక ఇరుసుకు, దాని పై ఆధారానికి నడుమ ఇరుప్రక్కల గట్టి కర్ర మేకులు దిగగొట్టవలెను. గేర్‌బాక్సు క్రింద స్థిరమైన ఉక్కు స్టాండు, ఇంజను క్రింద చక్రాలున్న ఆధారం ఉండవలెను. ఇటుకలమీద, ఒంటి జాకీమీద ఆ బరువును నమ్మరాదు. తరువాత డీజిలు గొట్టాలు, విద్యుత్ తీగలు, స్టీరింగు కడ్డీలు విప్పి, ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుగా వేరువేరు డబ్బాలలో ఉంచి, ముందు భాగాన్ని రెండడుగుల మేర తిన్నగా జరపవలెను. కదులుతున్నంతసేపు ఆ సందులో ఎవరి చేయీ ఉండకూడదు.

కంటికి ఆనని శత్రువు

డొక్క తెరవగానే నల్లని పొడి కనిపిస్తుంది. నోటితో ఊదటం, కంప్రెసరు గాలి కొట్టటం చాల చోట్ల అలవాటు. ఈ అలవాటు మానుకొనవలెను. వేడికి ఓర్చుకొంటుందని 20వ శతాబ్ది ఆరంభం నుండి బ్రేకు, క్లచ్ లైనింగులలో ఆస్‌బెస్టాస్ వాడుతూ వచ్చారు. పాత ట్రాక్టరులోని పాత ప్లేటులో అది ఉండే అవకాశం ఉన్నది. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరి, ఇరవై ముప్పది ఏండ్ల తరువాత గాని తమ రూపం చూపవు. అన్నిరకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. బ్రిటన్ 1999లో దాని వాడకాన్ని నిషేధించినది. మన సుప్రీంకోర్టు 1995లో, ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య పత్రాలను ఉద్యోగంలో చేరిన నాటి నుండి 40 ఏండ్లు, లేదా విరమణ తరువాత 15 ఏండ్లు – ఏది ఆలస్యమైతే అంతవరకు – భద్రపరచాలని ఆదేశించినది. అయితే గ్యారేజిలో స్పానర్లు అందించే కుర్రవానికి ఏ పత్రమూ ఉండదు. వానిని కాపాడేవి తడిగుడ్డ, మంచి మాస్కు, పని బట్టలు ఇంటికి తీసికొనిపోకుండుట – ఇవే. పొడిని తడిపి తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయవలెను. కొత్త ప్లేటు కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనిదే ఇమ్మని అడగవలెను.

కారణం తెలియనిదే కలపరాదు

పాత ప్లేటు చేతికి రాగానే దాని చరిత్ర చదువవచ్చు. రివెట్లు పైకి తేలి ఉంటే అది సహజమైన అరుగుదల. లైనింగు నూనెతో నానితే ఇంజను వెనుక ఆయిల్ సీలో, గేర్‌బాక్సు ముందు సీలో కారుతున్నది. సీలు మార్చక ప్లేటు మాత్రం మార్చితే, కొత్తదానికీ అదే గతి. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉంటే అవి వేడి చేసిన సంతకాలు; దానిని లేతుకు పంపి కొలత ప్రకారం చెక్కించవలెను, పగుళ్లు లోతైతే మార్చవలెను. బురదనీటి చారలుంటే డొక్క అడుగున నీరు కారటానికి ఉంచిన రంధ్రం పూడిపోయిందేమో చూడవలెను. దమ్ముకు దిగేముందు ఆ రంధ్రానికి బిరడా పెట్టుమని, పని కాగానే తీసివేయుమని చెప్పే ట్రాక్టర్లు ఉన్నాయి. తీయటం మరచితే లోపల చేరిన నూనె, నీరు బయటికి పోవు.

ఈ మరమ్మతులో సామాను కంటె శ్రమ ఎక్కువ. కనుక ఒకసారి విప్పిన తరువాత రిలీజ్ బేరింగును, ఫ్లైవీల్ నడుమనుండే పైలట్ బేరింగును, సీళ్లను కూడ మార్చటమే అసలైన పొదుపు. కొత్త రిలీజ్ బేరింగును పెట్రోలుతో కడుగరాదు. లోపలి గ్రీజు కరగిపోతుంది.

ప్లేటుకు రెండు వైపులు ఒకటి కావు. ఏ ముఖం ఫ్లైవీల్ వైపు ఉండవలెనో చూచి పెట్టవలెను. పాత గేర్‌బాక్సు షాఫ్టు ముక్కను నడుమ దూర్చి ప్లేటును సరిగా మధ్యకు తెచ్చి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవలెను. లీవర్ల ఎత్తు సమానంగా ఉండవలెను. తరువాత రెండు భాగాలను దగ్గరకు తెచ్చేటప్పుడు ఫ్లైవీల్‌ను మెల్లగా త్రిప్పుతూ షాఫ్టు గాడులు కలిసేటట్లు చూడవలెను. చేతి బలానికి కలియకపోతే ఎక్కడో తప్పున్నదన్నమాట. బోల్టులు బిగించి బలవంతాన లాగితే ప్లేటు బొడ్డు వంగుతుంది, లేదా పోత ఇనుప చెవులు విరుగుతాయి.

పాదం నేర్చుకొనవలసిన పాఠం

కొత్త క్లచ్‌కు మొదటి రోజు బరువు పనులు చెప్పకండి. పెడల్ మీద పాదం ఆనించి నడపకండి. మడి మలుపులో సగం క్లచ్‌కు బదులు వేగం తగ్గించి, తగిన గేరు ఎంచుకొనండి. ఆగినప్పుడు పెడల్ త్రొక్కి పట్టుకొనక గేరు తీసివేయండి. లైనింగు అరుగుతున్నకొద్దీ పెడల్ వదులు తగ్గుతుంది గనుక అప్పుడప్పుడు కొలిచి సర్దండి.

రెండు దశల క్లచ్ ఉన్న పాత మసీ ఫెర్గూసన్ వంటి బండ్లలో సగం త్రొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి. వెనుక పనిముట్టును త్రిప్పే పీటీఓ ఆగాలంటే పూర్తిగా త్రొక్కవలెను. ఈ తేడా తెలియనివాడు, బండి ఆగింది గదా అని తిరుగుతున్న పనిముట్టు దగ్గరకు పోయే ప్రమాదం ఉన్నది. బండి చేతులు మారినప్పుడు, కొత్త డ్రైవరు వచ్చినప్పుడు మొదట చెప్పవలసిన మాట ఇది.

బాహూరులోనైనా, ఇదే పుదుచ్చేరికి చెంది గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాంలోనైనా, రైతు పాత ట్రాక్టరును పారవేయక బాగుచేసికొంటున్నాడంటే అది పిసినారితనం కాదు. కొత్త అప్పు లేకుండా మరో నాలుగు కార్లు గట్టెక్కించే వివేకం అది. యంత్రంలో అన్నీ శాశ్వతంగా ఉండటానికి చేసినవి కావు. గేర్లు, ఫ్లైవీలు బ్రతకాలని తాను అరిగిపోవటానికే క్లచ్ ప్లేటును పుట్టించారు. అరిగినదానిని మార్చటం సులభం. అరగటానికి కారణాన్ని మార్చినప్పుడే ఆ మరమ్మతు పూర్తి అయినట్లు.