ఒక్క ఈసీజీతో సరిపెట్టరాదు

హిజ్లీ, ఖరగ్‌పూర్ కాలనీలలో బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు మధుమేహం కొత్త మాట కాదు. దాని వెంట వచ్చే గుండెజబ్బు విషయంలోనే మనకు అలసత్వం ఉన్నది.

రెండవ రకపు మధుమేహంలో గుండె ధమనులు ఏండ్ల తరబడి చప్పుడు లేకుండా పూడుకొంటాయి. నరాలు దెబ్బతిన్నవారికి ఛాతీనొప్పి సైతం తెలియకపోవచ్చు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగున్నదని సంతోషించి ఇంటికి పోవడం చాలదు. నిరుటికీ నేటికీ ఏమి మారినదో చూడవలెను: మూడు నెలల చక్కెర సగటు తెలిపే హెచ్‌బిఎ1సి, రక్తపోటు, కొలెస్టరాల్, మూత్రంలో ఆల్బుమిన్, మెట్లెక్కితే వచ్చే ఆయాసం. డాక్టరు అవసరమన్నచోట ట్రెడ్‌మిల్ పరీక్ష, లేదా ధమనులలో పేరుకొన్న కాల్షియాన్ని కొలిచే సి.టి. బదిలీపై పోయేవారు, తపాలా సోదరులతో సహా, పాత ఫలితాలను వెంట తీసుకొనిపోవలెను.

వైద్య వర్గీకరణ తగ్గితే రన్నింగ్ అలవెన్సు పోతుందని ఆయాసాన్ని దాచుకొనే లోకో పైలట్లున్నారు. వారిని నిందించలేము; పిల్లల చదువులు ఆ అలవెన్సు మీదనే సాగుతున్నవి. సర్వీసులో వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పుచున్నది. గుండెజబ్బుతో ఇంజను దిగవలసివచ్చినవారికి కూడా ఆ రక్షణను, రాబడిలో కోత లేకుండా, వర్తింపజేయవలెనని మన డిమాండు. ఆ హామీ లేనిదే ఎన్ని పరీక్షలు పెట్టినా జబ్బు దాగియే ఉంటుంది.