కడిగి ఇవ్వడమే కదా అనుకుంటే...

సైలెన్సర్ అంటే మనకు తెలిసింది ఒకటే. బుల్లెట్ బండికి పక్కన పొడుగ్గా ఉండేది, చిన్నప్పుడు పిక్క కాల్చుకున్నది. మా ఊళ్లో మెకానిక్ దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, మసి దులిపి మళ్లీ బిగించేవాడు. అమెరికాలో అదే పేరుతో ఇంకో వస్తువు ఉందని, దాన్ని కడిగి ఇచ్చినందుకు కూడా మనలాంటి వాళ్ల బతుకు తలకిందులు కావచ్చని నాకు ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా తెలియదు. ఎలా తెలిసిందో చెబుతాను. ఇందులో తప్పు ముందు నాదే. అందుకే రాస్తున్నాను.

నాది వరంగల్ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా. ఆరేళ్లు దోహాలో సైట్ సూపర్‌వైజర్‌గా ఎండలో మాడాను. తర్వాత మా ఆవిడకు ఇక్కడ ఉద్యోగం వస్తే, హెచ్-4 మీద వచ్చి, వర్క్ పర్మిట్ తెచ్చుకుని వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మళ్లీ అదే పనిలో పడ్డాను. ఇక్కడి లౌడన్ కౌంటీ అంతా డేటా సెంటర్లే. కిటికీలు లేని పెద్ద పెద్ద పెట్టెల్లాంటి బిల్డింగులు. ఒకటి పూర్తయ్యేలోపు పక్కన ఇంకోదానికి పునాది తవ్వుతుంటారు. పనికి కొదవ లేదు. మా టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో మనవాడే ఒక కుర్రాడు అద్దెకు ఉండేవాడు. ఎమ్మెస్ అయిపోయి, ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఇంటి దగ్గర బ్యాంకు అప్పు, ఇక్కడ అద్దె. మీకు తెలియని కథ కాదు.

ఒకరోజు సైట్‌లో లంచ్ టైంలో నా కళ్లజోడు తళతళలాడుతుంటే ఒక సబ్ కాంట్రాక్టర్ మనిషి ఎలా కడుగుతావని అడిగాడు. మా ఇంట్లో అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉంది, మా ఆవిడ నగల కోసం కొన్నది, దాంట్లో వేస్తానని చెప్పాను. "నా దగ్గర సప్రెసర్ పార్టులు ఉన్నాయి, మసి పట్టాయి, కడిగి పెడితే యాభై డాలర్లు ఇస్తా" అన్నాడు. మా సైట్‌లో రోజూ వినే మాట ఫైర్ సప్రెషన్. ఆ పైపుల నాజిళ్లు కాబోలు అనుకున్నాను. కడిగి ఇవ్వడమే కదా, కుర్రాడికి యాభై డాలర్లు వస్తాయి పాపం అని సరేనన్నాను. ఆ సంచీ తెచ్చి నా చేతులతోనే వాడికిచ్చాను.

మన ఇళ్లలో నగలు కడగాలంటే కుంకుడు రసంలో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దేవాళ్లు. ఈ మెషీన్ చేసేదీ అదే, కాకపోతే రుద్దేది బ్రష్ కాదు, శబ్దం. తొట్టి అడుగు సెకనుకు సుమారు 40 వేల సార్లు వణుకుతుంది. మన చెవికి వినపడదు. ఆ వణుకుకు నీళ్లలో కంటికి కనపడని బుడగలు పుట్టి పగులుతుంటాయి. పగిలిన ప్రతి బుడగా మురికిని ఇంత పెకిలిస్తుంది. బ్రష్ దూరని సందులోకి కూడా బుడగ దూరుతుంది. అందుకే నగల షాపుల్లో, కళ్లజోళ్ల షాపుల్లో, పళ్ల డాక్టర్ల దగ్గర దీన్ని వాడతారు. మంచి మెషీన్. తప్పు మెషీన్‌ది కాదు.

కుర్రాడు బేస్‌మెంట్ బాత్రూంలో పెట్టి మొదటి విడత కడిగాడు. నీళ్లు ఇంజన్ ఆయిల్‌లా నల్లగా అయ్యాయి. సింకులో పారబోశాడు. రెండో విడత వేసి నాకు ఫోటో పంపాడు. స్టీలు గిన్నెల్లాంటివి ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, ఒక్కోదానికీ మధ్యలో చిల్లు. పక్కన ఒక గొట్టం, దాని మీద సీరియల్ నంబరు. నాజిల్‌కు సీరియల్ నంబరు ఎందుకబ్బా అని మర్నాడు పొద్దున ఆ ఫోటో మా ఫోర్‌మన్‌కు చూపించాను. ఆయన ఒకప్పుడు మిలిటరీలో చేసినవాడు. ఫోటో చూసి నవ్వలేదు. "ఇది ఎవరిది? నీ ఇంట్లో ఉందా? నువ్వు సిటిజన్‌వి కావు కదా?" అని వరసగా మూడు ప్రశ్నలు వేశాడు. మూడో ప్రశ్నకు నా కాళ్లు వణికాయి.

అది తుపాకీ సైలెన్సర్. ఇక్కడివాళ్లు సప్రెసర్ అంటారు. హైరమ్ పెర్సీ మాగ్జిమ్ అనే ఆయన 1909లో పేటెంట్ తీసుకున్న వస్తువు. గొట్టం లోపల చిల్లు గిన్నెలు వరసగా ఉంటాయి. తూటా వెనకాల దూసుకొచ్చే వేడి గ్యాసును అవి ఆపి, చల్లార్చి, మెల్లగా వదులుతాయి. మన బండి సైలెన్సర్ చేసే పనే. సినిమాల్లో చూపించినట్టు 'తుస్' అని ఏమీ రాదు, చప్పుడు బాగానే ఉంటుంది, చెవులు పగిలిపోకుండా తగ్గుతుందంతే. వేటకు వెళ్లేవాళ్లు, షూటింగ్ రేంజికి వెళ్లేవాళ్లు ఇక్కడ చాలా రాష్ట్రాల్లో చట్టప్రకారమే కొనుక్కుంటారు. వాళ్ల దేశం, వాళ్ల హక్కు. దాని మీద నాకు తగవు లేదు. నా తగవంతా అది మన బాత్రూంలోకి ఎందుకు రావాలన్నదే.

చట్టం ఏమంటుంది?

1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 'ఫైర్ ఆర్మ్' అంటే తుపాకీ ఒక్కటే కాదు, సైలెన్సర్ కూడా. అక్కడితో ఆగలేదు. సైలెన్సర్ తయారీకి మాత్రమే ఉద్దేశించిన విడి భాగం ఒక్కటి ఉన్నా అది సైలెన్సర్ లెక్కలోకే వస్తుంది. అంటే మనం గిన్నె అనుకునేది చట్టం దృష్టిలో గిన్నె కాదు.

నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. హెచ్-1, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. కానీ ఆ లైసెన్సు చూపించి ఇంకొకరి సైలెన్సర్ మన ఇంట్లో పెట్టుకోవచ్చని కాదు. ఎందుకంటే 1934 నాటి నేషనల్ ఫైర్ ఆర్మ్స్ యాక్ట్ కింద ప్రతి సైలెన్సరూ ఒకరి పేరిట రిజిస్టర్ అయి ఉండాలి. తన పేరిట లేనిదాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇది గ్రీన్‌కార్డు వాళ్లకూ సిటిజన్లకూ కూడా వర్తిస్తుంది. మొన్నమొన్నటి దాకా ఒక్కో సైలెన్సర్‌కు 200 డాలర్ల పన్ను కట్టాల్సి వచ్చేది. 2025 జులై 4న సంతకమైన చట్టంతో 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. పన్ను పోయింది గానీ రిజిస్ట్రేషన్ పోలేదు. పన్ను లేదు కాబట్టి ఇకమీదట ఇవి ఇంకా ఎక్కువమంది దగ్గర కనపడతాయి. మనల్ని అడిగేవాళ్లూ ఎక్కువవుతారు.

శిక్ష సంగతి. వీసా నిబంధన మీరితే 2022 వరకు గరిష్ఠంగా పదేళ్లు, ఆ ఏడాది చట్టం మార్చి పదిహేనేళ్లు చేశారు. అందరికీ అంత వేస్తారని కాదు. కానీ ఆయుధాల కేసులో దోషి అని తేలితే ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. గ్రీన్‌కార్డు ఉన్నా సరే.

నాకు తెలియదండీ అంటే వదిలేస్తారా? 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు ఉంది. యూఏఈ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. కాలేజీ తీసేసింది, స్టేటస్ పోయింది, ఊరికి వెళ్లకుండా ఉండిపోయాడు. ఫ్లోరిడాలో షూటింగ్ రేంజికి వెళ్లి సరదాగా కాల్చాడు. దానికి 18 నెలల జైలు శిక్ష పడింది. తన స్టేటస్ తనకు తెలుసునని ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు అతని వైపు మాట్లాడింది. బాగానే ఉంది. కానీ మన వీసా ఏమిటో మనకు తెలియదని ఎవరం అనగలం? తారీఖులతో సహా కంఠతా వచ్చు కదా! చట్టం తెలియదనడం వేరు, స్టేటస్ తెలియదనడం వేరు. మనకు మొదటిదే మిగులుతుంది, అది కోర్టులో అక్కరకు రాదు.

పైగా ఆ యాభై డాలర్లు. చదువుకునే వీసా మీద ఉన్న కుర్రాడు చదివిన చదువుకు సంబంధం లేని చిల్లర పనికి డబ్బు తీసుకుంటే అదొక తంటా. డబ్బులకు ఇవి శుభ్రం చేయడం వ్యాపారంగా పెట్టుకోవాలంటే దానికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. ఒక్క సంచీలో ఎన్ని కేసులు పట్టాయో చూడండి.

నల్లటి నీళ్లలో ఏముంది?

చట్టం సంగతి అలా ఉంచితే, నన్ను నిద్రపోనివ్వనిది ఆ నల్లటి నీళ్లు. పెద్ద రైఫిళ్ల సైలెన్సర్లను మామూలుగా కడగాల్సిన అవసరమే పెద్దగా రాదట. కడగాల్సి వచ్చేది ఎక్కువగా పాయింట్ 22 చిన్న తుపాకీవి. వాటి తూటా ఉత్త సీసం. కాల్చినప్పుడల్లా సీసం ఆవిరై, పొడై లోపలి గిన్నెలకు అంటుకుంటుంది. తూటా అడుగున ఉండే మందులో కూడా సీసం ఉంటుంది. మెషీన్ ఆ సీసాన్ని పెకిలించి నీళ్లలో కలుపుతుంది. మూత తీసి నడిపితే సన్నని తుంపర గాల్లోకి లేస్తుంది. కొందరు వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అందులో నానబెడతారు. అది ఇంకా ఘోరం, సీసం నీళ్లలో కరిగిపోయే విషంగా మారుతుంది. అల్యూమినియం భాగాలైతే ఘాటైన మందుకు తినేసుకుపోతాయి కూడా.

కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నవాడిని, నాకు సీసం కొత్త కాదు. పాత పెయింటు గీకే పనిలో గాలిలో ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదని ఓషా రూలు. మాస్కు వేసుకోవాలి, పని బట్టలతో ఇంటికి వెళ్లకూడదు, చేతులు కడగనిదే తినకూడదు. ఇవన్నీ మా వాళ్లకు నేనే చెబుతాను. సైట్‌లో ఇంత చెప్పేవాడిని, ఇంట్లోకి నా చేతులతో సీసం తెచ్చిపెట్టాను. మా పాపకు మూడేళ్లు. పొద్దస్తమానం బేస్‌మెంట్‌లో 'అన్నయ్యా' అంటూ వాడి వెంటే తిరుగుతుంది. పిల్లల్లో సీసం ఇంతవరకు ఉన్నా పరవాలేదు అనే లెక్క లేదని డాక్టర్లు అంటారు. రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని సీడీసీ 2021లో గీత గీసింది. పాపకు రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చేదాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. దేవుడి దయ, గీత కిందే ఉంది. నగల కోసం కొన్న ఆ మెషీన్ మళ్లీ మా ఇంట్లో ఆన్ కాలేదు.

ఆ సాయంత్రమే సొంతదారు వచ్చి తన సామాను తీసుకెళ్లాడు. చెడ్డవాడు కాదు, "నీకు ఇబ్బంది అని తెలియదు" అన్నాడు. నిజమే, అతనికి తెలియాల్సిన పనిలేదు. తెలియాల్సింది నాకు. రెండో విడత నీళ్లు సింకులో పోయకుండా డబ్బాలో మూత పెట్టి, కౌంటీ వాళ్ల ప్రమాదకర వ్యర్థాల సేకరణకు ఏం చేయాలో అడిగాం. లాయర్ దగ్గరికీ వెళ్లాం. మీలో ఎవరికైనా ఇలాంటిది తగిలితే నా మాట కాదు, లాయర్ మాటే వినండి.

భయపెడుతున్నానా?

ఇది విన్న ఫ్రెండ్ ఒకాయన "నువ్వు మరీ భయస్తుడివి, ఇక్కడ ఇదంతా మామూలే, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. మామూలే, వాళ్లకు. మనవాళ్లకూ మామూలైపోతే ఏమవుతుందో 2024 నవంబరులో చూశాం. హైదరాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు జార్జియా రాష్ట్రంలో తన తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడని పేపర్లన్నీ రాశాయి. శుభ్రం చేయడమే కదా అని ఆ పిల్లాడూ అనుకుని ఉంటాడు. చదువుకోమని పంపిన తల్లిదండ్రులకు పెట్టె వచ్చింది. ఇంతకన్నా నేను రాయలేను.

గల్ఫ్‌లో ఉన్న అన్నలు, తమ్ముళ్లు ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టంలోనూ తుపాకీ చప్పుడు తగ్గించే సామాను తుపాకీ కిందే లెక్క. ఎడారిలో దొరికిందనో, ఎవరో గుర్తుగా ఇచ్చారనో తూటా ఒకటి సూట్‌కేసులో పడేసుకుని ఎయిర్‌పోర్టులో పట్టుబడితే కేసు తప్పదు. నెట్‌లో తుపాకీ శుభ్రం చేసే కిట్లని 'సాల్వెంట్ ట్రాప్' పేరుతో అమ్మినవాటిలో కొన్నింటిని ఇక్కడి అధికారులు సైలెన్సర్లుగానే లెక్కగట్టి పట్టుకున్నారు. పేరులో శుభ్రం అని ఉన్నంత మాత్రాన వస్తువు శుభ్రం కాదు.

మనవాళ్లలో ఒక మంచి గుణం ఉంది. ఎవరైనా చిన్న పని అడిగితే కాదనం. కొత్త దేశంలో నలుగురితో మంచిగా ఉండాలని, తెల్లవాడు అడిగితే ఇంకా కాదనలేమని సరే అనేస్తాం. ఆ గుణం పోగొట్టుకోమని నేను చెప్పను. సరే అనేముందు మూడు మాటలు అడగమంటున్నాను. ఇది ఏమిటి? ఎవరి పేరున ఉంది? ఇది నా ఇంట్లో ఉండటానికి నా వీసా ఒప్పుకుంటుందా? జవాబు సరిగా రాకపోతే "సారీ, మా వీసాకు కుదరదు" అంటే చాలు. ఎవరూ ఏమీ అనుకోరు. నేను అని చూశాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను మరీ తెలివైనవాడిని, వేరేవాడు తొక్కిన అడుసు నా ఇంట్లో కడిగించబోయాను. మీరు ఆ పని చేయకండి.

– ఒక సైట్ సూపర్‌వైజర్, ఆష్‌బర్న్, వర్జీనియా