ఊరంతా ఒకవైపు... ఆయనొక్కడూ ఒకవైపు

ఊళ్లో బడి కాలిపోయింది. కొత్తది కట్టాలి. కట్టాలంటే డబ్బు కావాలి. డబ్బు కావాలంటే పన్ను పెంచాలి. ఊరంతా ఒకచోట కూర్చుంది. పిల్లల చదువు విషయం, కాదనేదెవరు? అందరూ సరేనంటే సరేనన్నారు. అప్పుడొకాయన లేచి నిలబడ్డాడు. పాడి రైతు. ఈ భారం తనలాంటివాళ్లు మోయలేరనీ, తనకిది సమ్మతం కాదనీ చెప్పాడు. ఆయన వెనక చేయెత్తినవాడు ఒక్కడూ లేడు.

అయినా ఆయన్ని ఎవరూ 'కూర్చోవయ్యా' అనలేదు. ఈల వెయ్యలేదు. చెప్పేదంతా చెప్పనిచ్చారు, విన్నారు.

ఇది 1940ల మొదట్లో, అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ అనే ఊళ్లో జరిగింది. (సైనికుల సమాధులతో పేరుపడ్డ ఆర్లింగ్టన్ వేరు, అది వర్జీనియాలో ఉంది.) ఈ ఆర్లింగ్టన్‌లో అప్పుడున్నది పద్నాలుగు పదిహేను వందల మంది. కొండలు, పశువుల కొట్టాలు, చెక్క వంతెనలు. ఇలాంటి ఊళ్లో బడి పన్ను గురించి ఒక రైతు అడ్డం చెబితే అది పక్క ఊరి దాకా కూడా పోదు. కానీ ఆ రోజు బల్లల మీద కూర్చున్నవాళ్లలో నార్మన్ రాక్‌వెల్ ఉన్నాడు.

రాక్‌వెల్ చిత్రకారుడు. పుట్టింది 1894లో, న్యూయార్క్‌లో. 'శాటర్‌డే ఈవినింగ్ పోస్ట్' అనే వారపత్రికకు 1916 నుంచీ ముఖచిత్రాలు వేస్తూ, అమెరికాలో ప్రతి ఇంటికీ తెలిసినవాడయ్యాడు. మనకు బాపు బొమ్మ ఎలాగో వాళ్లకు రాక్‌వెల్ బొమ్మ అలాగన్నమాట. పట్నం గోల పడలేక 1939లో ఆర్లింగ్టన్ వచ్చి స్థిరపడ్డాడు. ఊరివాళ్లనే కూర్చోబెట్టుకుని బొమ్మలు వేసేవాడు.

ఇంతకీ ఆ సమావేశం సంగతి చెప్పాలి. వెర్మాంట్ ఊళ్లలో దాన్ని టౌన్ మీటింగ్ అంటారు. మార్చి నెల మొదటి మంగళవారం. మంచు కరిగి దారులన్నీ బురదయ్యే రోజులు, పొలం పనులింకా మొదలుకావు. ఏయే అంశాలు చర్చకొస్తాయో ముందే నోటీసు అంటిస్తారు. ఊరి జమాఖర్చులన్నీ ఒక చిన్న పుస్తకంగా అచ్చువేసి పంచుతారు. రోడ్డు బాగుచేయడానికి ఎంతైంది, మంచు తోసినవాడికి ఎంతిచ్చారు... అన్నీ అందులో ఉంటాయి. మోడరేటర్ అని ఒకరిని ఎన్నుకుంటారు. ఆయన అనుమతితో ఓటరు ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, సవరణ చెప్పొచ్చు. చివర్లో అక్కడే ఓటు. ఏడాది పొడవునా ఊరి పనులు చూసే సెలెక్ట్‌మెన్‌ని కూడా ఇలాగే ఎన్నుకుంటారు. రెండు పొలాల మధ్య కంచె తగాదా వస్తే వెళ్లి చూసి తేల్చేవాళ్లను నియమించుకోవడం కూడా ఊరి పనుల్లో ఒకటి! ఎమ్మెల్యేలూ ఎంపీలూ లేకుండా జనమే చట్టసభ కావడమంటే ఇదే.

మన గ్రామసభ కూడా కాగితం మీద ఇలాంటిదే. 73వ రాజ్యాంగ సవరణ దానికి ప్రాణం పోసింది. విలేకరిగా చేరిన కొత్తలో నేనొక గ్రామసభకు వెళ్లాను. ఊరి పేరెందుకులెండి. ఒక పెద్దాయన లేచి బోరు రిపేరు బిల్లు గురించి అడిగాడు. 'తర్వాత మాట్లాడదాం తాతా' అంటూ ఎవరో మైకు లాక్కున్నారు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు పేపర్లో నా వార్త నాలుగు లైన్లొచ్చింది. అందులో సర్పంచి మాటలున్నాయి గానీ ఆ తాత ప్రశ్న లేదు.

మళ్లీ వెర్మాంట్‌కు వద్దాం. అప్పటికే ప్రపంచమంతా యుద్ధం. 1941 జనవరి 6న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాంగ్రెస్‌లో మాట్లాడుతూ, మనిషన్నవాడికి నాలుగు స్వేచ్ఛలు ఉండాలన్నాడు. మాట్లాడే స్వేచ్ఛ, ఇష్టమైన దేవుణ్ని కొలుచుకునే స్వేచ్ఛ, లేమి నుంచి విముక్తి, భయం నుంచి విముక్తి. ఆ డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేయడంతో అమెరికా యుద్ధంలోకి దిగింది. వెర్మాంట్ మాత్రం అంతకంటే ముందే దిగిందని సరదాగా చెబుతారు. తమ రాష్ట్రం నుంచి సైన్యంలో చేరినవాళ్లకు నెలకు పది డాలర్లు అదనంగా ఇవ్వాలనుకున్నారు. అలా ఇవ్వాలంటే దేశం సాయుధ పోరులో ఉండాలని చట్టంలో ఉంది. దాంతో 1941 సెప్టెంబరులో శాసనసభ 'అవును, పోరులోనే ఉన్నాం' అని తీర్మానించేసింది. మూడు నెలల ముందన్నమాట!

ఆ నాలుగు స్వేచ్ఛల మీద బొమ్మలు వేసి యుద్ధానికి తనవంతు సాయం చేద్దామనుకున్నాడు రాక్‌వెల్. కానీ ఎలా వెయ్యాలి? మాటలేమో ఆకాశంలో ఉన్నాయి. ఆయన కుంచెకు తెలిసింది పక్కింటివాళ్లూ, పిల్లలూ, కుక్కపిల్లలూ. 1942లో ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి నిద్రపట్టక దొర్లుతుంటే టౌన్ మీటింగ్ గుర్తొచ్చిందట. ఊరంతా కాదన్నా లేచి తన మాట చెప్పిన రైతు, ఆయన్ని చెప్పనిచ్చిన ఊరు. మాట్లాడే స్వేచ్ఛంటే ఇదే కదా అనుకున్నాడు. మిగతా మూడింటికీ దారి దొరికినట్టయింది.

చిత్తుబొమ్మలు పట్టుకుని వాషింగ్టన్ వెళ్లాడు. ఆఫీసు ఆఫీసూ తిరిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఉసూరుమంటూ తిరిగొస్తూ ఫిలడెల్ఫియాలో 'పోస్ట్' ఆఫీసులో దిగాడు. సంపాదకుడు బెన్ హిబ్స్ వాటిని చూసి, మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు ఇవి వెయ్యమన్నాడు. మాట్లాడే స్వేచ్ఛ బొమ్మే రాక్‌వెల్‌ని ఎక్కువ ఏడిపించింది. వేసినదాన్ని పక్కనపడేసి మళ్లీ మొదటికి రావడం, ఒకసారి కాదు. చివరికి కుదిరింది.

ఆ బొమ్మ చూడండి. ఎత్తు నాలుగడుగులకు కాస్త తక్కువ. మధ్యలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గళ్ల చొక్కా, నలిగిపోయిన జాకెట్టు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తొంగిచూస్తోంది. ముందున్న బల్లను పట్టుకున్న చేతులు మొరటుగా, పనిచేసి కాయలు కాసినట్టున్నాయి. పక్కనున్నవాళ్లు కోట్లూ టైలతో, తల పైకెత్తి ఆయన్నే చూస్తున్నారు. ఒకాయన చేతిలో ఊరి జమాఖర్చుల పుస్తకం. తుపాకీ లేదు, జెండా లేదు. యుద్ధం బొమ్మని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఇంకో సంగతి. బొమ్మలో ఉన్నది ఆ రైతు కాదు. ఊళ్లో పెట్రోలు బంకు నడిపే ఆయన్ని నిలబెట్టి వేశాడు. మొహం ఒకరిది, ధైర్యం ఇంకొకరిది.

1943 ఫిబ్రవరి 20 సంచికలో ఇది అచ్చయింది. తర్వాత వారానికొకటి చొప్పున మిగతా మూడూ వచ్చాయి. కాదు పొమ్మన్న ప్రభుత్వమే పరుగెత్తుకొచ్చింది. అసలు చిత్రాలను ఊరూరా తిప్పి ప్రదర్శించారు. పన్నెండు లక్షల మంది చూశారు. యుద్ధ బాండ్లు 13 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడయ్యాయి. పన్ను పెంచొద్దన్న మనిషి బొమ్మ చూసి జనం ప్రభుత్వానికి డబ్బిచ్చారన్నమాట. అప్పట్లో ఇది ఎవరికైనా తమాషాగా తోచిందో లేదో!

బొమ్మ సరే, యుద్ధకాలంలో ఊరి వ్యవహారమంతా ఇంత ముచ్చటగా ఏం లేదు. రేషనొచ్చింది. రబ్బరు పండే దేశాలు జపాన్ చేతిలో పడబోతుంటే 1942 జనవరిలో మొట్టమొదట టైర్లకు రేషన్ పెట్టారు. మేలో పంచదారకు. తర్వాత పెట్రోలు, కాఫీ, బూట్లు, మాంసం, వెన్న. పంచదార పుస్తకాలు ఇచ్చే పని బడిపంతుళ్ల మీద పడింది. ఇంట్లో ఎంత పంచదార దాచారో జనం నిజం చెప్పాలి. ఎక్కువుంటే ఆ మేరకు పుస్తకంలోంచి కూపన్లు చించేస్తారు. పక్కవీధి పిల్లాడి తల్లిని 'మీ డబ్బాలో ఎంతుందమ్మా' అని టీచరమ్మ అడగాలి. ఎంత ఇబ్బంది!

అంతకంటే ఇబ్బంది రేషన్ బోర్డులో కూర్చున్నవాళ్లది. ఎవరికెంత అనే నియమాలు వాషింగ్టన్‌లోనే తయారయ్యేవి. ధరలు అదుపు చేసే విభాగానికి జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ పెద్ద. తర్వాత 1961లో మన దేశానికి అమెరికా రాయబారిగా వచ్చింది ఈయనే. టైర్ల రేషన్ విభాగంలో గుమాస్తాగిరీలాంటి ఉద్యోగం చేసిన కుర్ర లాయరు ఒకడున్నాడు. పేరు రిచర్డ్ నిక్సన్. కానీ 'నీకు టైరు రాదు' అని మొహం మీద చెప్పే పని మాత్రం ఊరివాళ్లది. ఊరి పెద్దల్లోంచే కొందరిని ఎంచుకుని బోర్డు వేశారు. జీతం లేదు. నెలకిన్ని టైర్లని కోటా. డాక్టరుకు, అంబులెన్సుకు, టపా బండికి ముందు. తర్వాత మిగిలితేనే మిగతావాళ్లకు. అదీ అర్హుల జాబితాలో ఉంటేనే. పళ్లు నిల్వపెట్టుకోవడానికి అదనంగా పంచదార కావాలన్నా, పెట్రోలు మరికాస్త కావాలన్నా బోర్డు ముందు నిలబడాలి. టైరు ఎవరికిచ్చారో చాలా ఊళ్లలో స్థానిక పత్రికలు పేర్లతో సహా వేసేవి. సాయంత్రానికల్లా అరుగుల మీద అదే చర్చ అయ్యుంటుంది. అలాంటప్పుడు రేపు ఆ బోర్డు పెద్దమనిషి కొట్టుకు బేరం ఎవరొస్తారు?

పైవాళ్లు పాటించారా అంటే అదీ చెప్పాలి. 1942లో పెట్రోలుకు హద్దులేని 'ఎక్స్' కార్డులు తీసుకున్నవాళ్లలో కాంగ్రెస్ సభ్యులు 200 మందికి పైగా తేలారు. ఊరు ఊరంతా భగ్గుమంది.

రాక్‌వెల్ ఈ రెండో మొహాన్నీ వదిలిపెట్టలేదు. ఆర్లింగ్టన్‌కు దగ్గరే ఉన్న మాంచెస్టర్ అనే ఊళ్లో రేషన్ బోర్డు పనిచేసే తీరు చూసి బొమ్మ వేశాడు. 1944 జులైలో 'పోస్ట్'లో వచ్చింది. అడగడానికి వచ్చినవాళ్లలో తననూ గీసుకున్నాడు. నాకు మొదటి బొమ్మ కన్నా ఇదే దగ్గరగా అనిపిస్తుంది. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ ఇళ్లలో పెరిగినవాళ్లం కదా.

మొదటి బొమ్మ దగ్గర నన్ను గుచ్చేది ఒక తేదీ. అది అచ్చయిన రోజుకు సరిగ్గా ఏడాదీ ఒక్కరోజు ముందు, 1942 ఫిబ్రవరి 19న, అదే రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాంతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్లను ఇళ్లలోంచి తరలించి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. లక్షా ఇరవై వేల మంది. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. ఏ టౌన్ మీటింగులోనూ లేచి 'మాకు సమ్మతం కాదు' అనే అవకాశం వాళ్లకు రాలేదు. అటు దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లలో చాలామందిని ఓటే వెయ్యనిచ్చేవారు కాదు. బొమ్మలో బల్లల మీద కూర్చున్నవాళ్లంతా తెల్లవాళ్లే. వెర్మాంట్‌లో ఓ చిన్న ఊరు కాబట్టి అలాగే ఉంటుందనుకోండి. కానీ దాన్ని దేశమంతటి బొమ్మగా ఊరూరా తిప్పినప్పుడు ఆ మాట అడక్కుండా ఎలా ఉంటాం? రాక్‌వెల్ కూడా తర్వాత అడిగాడు. తెల్లపిల్లల బడికి కాపలా మధ్య నడిచి వెళుతున్న ఆరేళ్ల నల్లపాపను 1960లలో ఆయనే గీశాడు. అప్పటికి 'పోస్ట్' వదిలేసి ఇంకో పత్రికకు వేస్తున్నాడు.

మరి బడి పన్ను వద్దన్న రైతు ఏమయ్యాడు? 1943 మేలో ఒక రాత్రి రాక్‌వెల్ స్టూడియో అంటుకుంది. ఎన్నో చిత్రాలు, ఏళ్ల తరబడి కూడబెట్టిన పాత దుస్తులు, సామాన్లు అన్నీ బూడిదయ్యాయి. నాలుగు స్వేచ్ఛల బొమ్మలు అప్పటికే ప్రదర్శనలకు వెళ్లి ఉండటంతో బతికిపోయాయి. ఆ మంటల గొడవంతా చిన్న చిన్న బొమ్మలుగా గీసి పత్రికలో కూడా వేసుకున్నాడాయన. ఆ తర్వాత ఇల్లు మారాడు. ఆర్లింగ్టన్‌కు పడమటి వైపు, చెక్క వంతెన దగ్గర, పచ్చిక మైదానం ఒడ్డున పాత రైతు ఇల్లు ఒకటి కొన్నాడు. పక్కపక్కనే రెండు ఇళ్లు. ఒకటి రాక్‌వెల్‌ది. రెండోది ఆ రైతుది. 1953 దాకా ఆ రెండు కుటుంబాలూ ఇరుగుపొరుగున ఉన్నాయి.