పొగిడి పంపేయడం మర్యాద కాదు

నెలాఖరు రోజున ఏ జిల్లా కేంద్రంలోనైనా పూలదండల కొట్టులో అడిగి చూడండి. ఆ రోజు బేరం పెళ్లిళ్లది కాదు, రిటైర్మెంట్లది. ప్రభుత్వ ఉద్యోగి ఏ తేదీన పుట్టినా దిగిపోయేది నెల చివరి రోజునే. ఆంధ్రప్రదేశ్‌లో 62 నిండినవారికి, తెలంగాణలో 61 నిండినవారికి ఆ సాయంత్రమే సభ. శాలువా, నిలువెత్తు దండ, ఫ్రేము కట్టించిన సన్మాన పత్రం, వెనకాల ఫ్లెక్సీ, పక్క కుర్చీలో కొత్త పట్టుచీరలో ఇల్లాలు. ఆ తర్వాత వరసగా వక్తలు. ఎవరు లేచినా ఒకటే పాఠం. ఉద్యోగికి పదవీ విరమణ సహజం. విరమణ పదవికే గాని మనిషికి కాదు. ఈయన అజాతశత్రువు, నిగర్వి, మృదుభాషి. శేష జీవితం ఆయురారోగ్యాలతో గడపాలి. రిటైరయ్యేది మహిళ అయితే అదనంగా ఒక వాక్యం: ఇటు ఇల్లు, అటు ఉద్యోగం సమర్థంగా నెట్టుకొచ్చారు. మర్నాడు జిల్లా పేజీలో, పలువురు వక్తలు సేవలను కొనియాడారని రెండంగుళాల వార్త.

కొనియాడారు, సరే. ఆ మనిషి ఎవరో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఇదేం పద్ధతని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "వీడ్కోలు సభ గంభీరంగా జరగాలండీ. ముప్పై అయిదేళ్లు చాకిరీ చేసిన మనిషి. పెళ్లాం పిల్లలు, వియ్యంకులు ముందు వరసలో కూర్చున్నారు. అక్కడ హాస్యాలాడితే ఆయన్ని పలచన చేసినట్టే. నాలుగు మంచి మాటలు చెప్పి పంపితే మన సొమ్మేం పోయింది?" మర్యాదస్తులందరూ తలూపే మాట ఇది. దీన్ని నేను పూర్తిగా కాదంటున్నాను. మనిషిని పలచన చేసేది నవ్వు కాదు, ఎవరికైనా సరిపోయే పొగడ్త. ఒకరి గురించి చెప్పి నవ్వించాలంటే ఆ మనిషిని కొన్నాళ్లు చూసి ఉండాలి. పొగడటానికి ఆ శ్రమ అక్కర్లేదు, పేరు తెలిస్తే చాలు.

ఒక్కోసారి ఆ పేరు కూడా అక్కర్లేదు. నేను వెళ్లిన ఒక సభలో వక్త కాగితం చూసి చదువుతుంటే, మధ్యలో అంతకుముందు రిటైరైన వేరే ఆయన పేరు దొర్లింది. పాత ప్రసంగంలో పేరు మార్చడం ఒకచోట మరిచిపోయారు. సభలో సగం మంది గమనించనే లేదు. మిగతా మాటల్లో ఏ తేడా లేనప్పుడు ఎలా గమనిస్తారు? సన్మానం జరుగుతున్న పెద్దమనిషి కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టారు.

ఈ పద్ధతి వల్ల ఎక్కువ నష్టపోయేది చిన్న ఉద్యోగి. ఆఫీసరుకు కనీసం బయోడేటా ఉంటుంది. పనిచేసిన ఊళ్లు, అందుకున్న ప్రశంసాపత్రాలు చదవచ్చు. అటెండరు రిటైరైతే ఏం చెబుతారు? నమ్మకస్తుడు, పిలిస్తే పలికేవాడు. ఈ రెండు ముక్కలు బల్లమీది కాలింగ్ బెల్లుకు కూడా సరిపోతాయి. ఏ బీరువాలో ఏ ఫైలుందో, ఏ సారు టీలో చక్కెర మానేశాడో, ఏ కోర్టు కాగితం ఎవరి సంతకం దగ్గర ఆగిందో ఆఫీసు మొత్తంలో తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయన గురించి చెప్పుకోవడానికి కథలకేం కొదవ? అడిగినవాడు లేడు, అంతే.

గౌరవం ఉన్నచోట నవ్వు తగదనడం మన సంప్రదాయమేనా? కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ జైల్లో పడ్డాక, తాను చేయించిన నగల జాబితా ఒక్కొక్కటీ ఏకరువు పెట్టి రాముణ్ణే నిలదీశాడు. రాముడి మీద గౌరవం లేకనా? కృష్ణా తీరపు శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం నిండా నిందాస్తుతే నడిపాడు. తిట్టినట్టు కనిపిస్తూ పొగడటాన్ని మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని పేరుపెట్టి మరీ అలంకారాల్లో చేర్చారు. దేవుళ్ల సంగతి అలా ఉంచండి, మన పెళ్లిళ్లే చూడండి. భోజనాల దగ్గర వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాటలు పాడిన ఆడవాళ్లే, అదే పందిట్లో అప్పగింతల పాట ఎత్తుకుని అందరినీ ఏడిపించేవారు. వియ్యపురాలు పలచనైపోయిందని ఎవరూ అనుకోలేదు. నవ్వూ కన్నీళ్లూ ఒకే పందిట్లో ఇమిడిన జాతి మనది. ఆఫీసు మైకు ముందుకు రాగానే ఎందుకిలా బిగుసుకుపోతాం?

"ఆఫీసంటే హోదాలుంటాయి, పెద్దవాళ్ల మీద చతుర్లా?" అని ఇంకో అభ్యంతరం. దీనికి జవాబు దేశంలోని రెండో అత్యున్నత పదవి దగ్గరే దొరుకుతుంది. 2022 ఆగస్టు 8న రాజ్యసభ తన అధ్యక్షుడు వెంకయ్యనాయుడికి వీడ్కోలు పలికింది. ఆ ఏడాదే సభలో అడుగుపెట్టిన రాఘవ్ చద్దా లేచి, తొలి ప్రేమ ఎలా గుర్తుంటుందో తన తొలి సభాధ్యక్షుడిగా మీరూ అలాగే గుర్తుంటారన్నారు. వెంకయ్యనాయుడు ఊరుకుంటారా? ప్రేమ ఒక్కసారే కదా, రెండోసారి కూడా ఉంటుందా అని కుర్చీలోంచే అడిగారు. తనకంత అనుభవం లేదని కుర్ర సభ్యుడు ఒప్పుకున్నారు, సభ నవ్వుల్లో మునిగింది. అదే రోజు ప్రతిపక్షం నుంచి డెరెక్ ఒబ్రయన్ లేచి, నాయుడు పసివాడిగా ఉన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న సంగతి గుర్తుచేశారు. వెంకయ్యనాయుడు కళ్లు తుడుచుకున్నారు. ఆ నవ్వు వల్ల ఉపరాష్ట్రపతి పదవికి వచ్చిన లోటేమీ లేదు, ఆ కన్నీటి వల్లా లేదు. రాజ్యసభకు లేని బిగువు మన మండల ఆఫీసుకు ఎందుకు?

ఇక మూడో వాదం కాస్త నిజాయితీగలది. "అందరూ ముళ్లపూడి వెంకటరమణలు కారు కదండీ, మాకు హాస్యం రాదు." రానక్కర్లేదు. ఈ సభకు కావలసింది హాస్య రచన కాదు, ఒక్క నిజమైన సంగతి. మండల ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు రిటైరవుతున్నారనుకోండి. అందరూ చెప్పే వాక్యం: ప్రభుత్వ ఆస్తిని సొంత ఆస్తిలా కాపాడిన నిజాయితీపరుడు. వినేవాడికి ఆవలింత వస్తుంది. దాన్నే ఆయన దగ్గర పని నేర్చుకున్న జూనియర్ ఇలా చెప్పవచ్చు:

"గురువుగారి స్టేప్లరును ఎత్తుకుపోయే మొనగాడు ఈ ఆఫీసులో పుట్టలేదు. దానికి పురికొస కట్టి, రెండో కొస బల్లకాలికి ముడేశారు. నేను చేరిన కొత్తలో ఒకసారి ఇమ్మని అడిగాను. 'అది రాదు బాబూ, నువ్వే కాగితం పట్టుకుని రా' అన్నారు. ఎమ్మార్వోగారు కూడా ఆ బల్ల దగ్గరికి వచ్చి, వంగి పిన్ను కొట్టుకుని వెళ్లడం నా కళ్లతో చూశాను. ఇంత పిసినారితనమా అనుకున్నాను. ఆ బల్ల ముందుకు వచ్చేవాళ్లలో పింఛను కోసం వచ్చే ముసలమ్మలే ఎక్కువ. రేషన్ కార్డు నకలు, భర్త మరణ ధ్రువపత్రం చేతి చెమటకు తడిసి ఉంటాయి. వాటిలో ఒక్క కాగితం జారిపోతే ఆవిడ మళ్లీ బస్సెక్కి రావాలి. గురువుగారి బల్ల మీంచి వెళ్లిన దరఖాస్తులో కాగితం పోయిందని ఎవరూ తిరిగి రాలేదు. ఇవాళ పొద్దున చార్జి అప్పగిస్తూ ఆ పురికొస మాత్రం విప్పొద్దన్నారు. విప్పం సార్."

ఇందులో జోకు ఎక్కడుంది, ప్రేమ ఎక్కడుంది? రెండూ ఒకే పురికొసలో ఉన్నాయి. ఈ కిటుకు తెలియకే చాలామంది ముందు మూడు జోకులు, చివర రెండు కన్నీటి వాక్యాలు అని వేర్వేరుగా రాసుకొస్తారు. నవ్వించిన సంగతే చివరకు గుండెను తాకాలి. ఆయన చాదస్తం వెనక ఏ శ్రద్ధ ఉందో, విసుగు వెనక ఏ పట్టుదల ఉందో కనిపెట్టి చెప్పగలిగితే ప్రసంగం పూర్తయినట్టే. అయిదు నిమిషాలు చాలు.

హాస్యం పేరిట జరిగే అఘాయిత్యాన్ని కూడా నేను వెనకేసుకురావడం లేదు. మైకు దొరగ్గానే భార్య మీద జోకు, బట్టతల మీద జోకు, రేపటినుంచి వదినగారు కూరగాయలకు పంపుతుందన్న జోకు. వాట్సాప్‌లో తిరిగి తిరిగి అరిగిపోయిన సరుకు ఇది. ఇదీ అజాతశత్రువు లాంటిదే, ఎవరికైనా సరిపోతుంది. పైగా అజాతశత్రువు అంటే ఎవరికీ నొప్పి ఉండదు, దీనివల్ల ఇల్లాలికి నొప్పి. ఇక కులం మీద, యాస మీద, ఒంటి మీద వేసే చతుర్లను హాస్యం అననే కూడదు. విచారణ పెండింగులో ఉన్న మనిషి ముందు ఏసీబీ జోకు వేసేవాణ్ణి ఎవరూ సమర్థించలేరు. గీత ఎక్కడ గీయాలో కష్టమేమీ కాదు. ఆ మాట ఆయన తన నోటితో చెప్పుకుని నవ్వేదైతే మనం చెప్పవచ్చు. ఆయన దాచుకున్నదైతే మనం ముట్టుకోకూడదు.

హైటెక్ సిటీలో పరిస్థితి మెరుగ్గా ఉందనుకుంటే పొరపాటు. అక్కడ శాలువా బదులు కేకు, సన్మాన పత్రం బదులు ఈ-కార్డు. లాస్ట్ వర్కింగ్ డే రోజున అందరికీ ఒకటే మెయిలు, ఎంతో నేర్చుకున్నాను, టచ్‌లో ఉందాం అని. ఈ మధ్య ప్రసంగం కూడా ఏఐ చేతే రాయించి చదివేస్తున్నారు. వ్యాకరణం బాగుంటుంది, జోకు కూడా సరైన చోట పడుతుంది. అర్ధరాత్రి రిలీజు పాడైతే అమెరికా క్లయింటు ముందు జూనియర్ తప్పును తన మీద వేసుకున్న టీమ్ లీడు సంగతి దానికి తెలియదు. మీరు చెబితే తప్ప తెలియదు. అంత చెప్పాక అది రాయడమెందుకు, మీరే ఆ మాట చెప్పేయవచ్చు.

ఇక ప్రభుత్వ ఉద్యోగుల బతుకులో నవ్వుకు సరుకు తక్కువా? 2022 జనవరి 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచుతున్నట్టు ప్రకటించింది, అదీ ఆ నెల ఒకటో తేదీ నుంచే. ఆ జనవరి 31న దిగిపోవలసినవాళ్ల సభ రెండేళ్లు వాయిదా పడింది. అదే రోజు ప్రకటించిన 23.29 శాతం ఫిట్‌మెంటు అప్పటిదాకా అందుతున్న 27 శాతం మధ్యంతర భృతికన్నా తక్కువ కావడంతో, ఉద్యోగం మిగిలినందుకు సంతోషించాలో జీతం తగ్గుతున్నందుకు ఏడవాలో తేలక ఉద్యోగులు రోడ్డెక్కారు. ఆ బ్యాచ్‌లో రిటైరైన మనిషి సభలో ఈ ముక్క ఒక్కటి చెబితే చాలు, హాలంతా గొల్లుమంటుంది. అది వాళ్లంతా కలిసి పడిన కష్టం కాబట్టే నవ్వు వస్తుంది.

చివరగా, దండ వేయించుకున్నవారికి ఒక మాట. మీ స్పందన కూడా అచ్చుపోసినట్టే ఉంటోంది. సహకరించిన అందరికీ ధన్యవాదాలు, తెలిసో తెలియకో ఎవరినైనా నొప్పించి ఉంటే మన్నించండి. ఎవర్ని నొప్పించారో మీకు తెలుసు. పేరు పెట్టి చెప్పండి. ఫలానా రోజున లీవు ఇవ్వనన్నాను, మర్నాడు మీ చెల్లి పెళ్లని తెలిసి సిగ్గుపడ్డాను అనండి. మొదటిసారి నోట్ ఫైలు రాసినప్పుడు పై అధికారి ఎర్రసిరాతో ఎన్నిచోట్ల కొట్టేశాడో చెప్పండి. మీ మీద మీరే వేసుకునే చతురుకు మించిన హుందాతనం ఆ వేదిక మీద ఇంకొకటి ఉండదు. వెళ్లిపోయే మనిషి తనను చూసి తాను నవ్వితే, ఉండిపోయేవాళ్లకు ఆ ఆఫీసు భరించదగిన చోటుగా కనిపిస్తుంది.

మళ్లీ నెలాఖరు వస్తుంది. మీ ఆఫీసులోనూ ఎవరో ఒకరు దిగిపోతారు, మాట్లాడమని మిమ్మల్నీ పిలుస్తారు. ఆయన గురించి మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి గుర్తొస్తే వెళ్లి చెప్పండి. గుర్తు రాకపోతే సభకు ముందు రెండు మూడు రోజుల్లో ఆయన పక్కన కూర్చుని టీ తాగండి, అడిగి తెలుసుకోండి. ఆ తీరిక కూడా లేకపోతే మైకు అటెండరుకు ఇవ్వండి. ఆయనకు తెలుసు.